'ఎవడు?' అని అడగడం ఇప్పుడు ఉచితం

ముందే ఒక మాట. ఇది ఎవరినీ నొప్పించాలని రాస్తున్నది కాదు. చదివాక నొచ్చుకుంటే మాత్రం నా పూచీ లేదు.

ఎవరైనా పొరపాటు చేస్తే మనవాళ్ళ దగ్గర రెండే రెండు మందులున్నాయి. ఒకటి, వాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగెయ్యడం. రెండోది, మూడోకంటికి తెలియకుండా కప్పెట్టెయ్యడం. చూట్టానికి ఇవి ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకంగా కనపడతాయి గానీ, నన్నడిగితే రెండూ ఒకే తల్లి పిల్లలు. కడిగేస్తారన్న భయం ఉంది కాబట్టే కప్పెడతారు. కప్పెట్టినవాటిల్లో ఎప్పుడో ఒకటి బయటపడుతుంది, దొరికినవాణ్ణి ఇంకాస్త గట్టిగా కడుగుతారు. అది చూసి మిగతావాళ్ళు ఇంకాస్త లోతుగా కప్పెడతారు. ఇన్ఫినిట్ లూప్.

ఇప్పుడీ గోలెందుకంటే.. మా బే ఏరియాలో చిన్న విమానాలు నడపడం నేర్చుకుంటున్న తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. వారమంతా కీబోర్డు, శనాదివారాలు సెస్నా. నేనూ ఆ బాపతే, కాకపోతే లైసెన్సు చేతికొచ్చి కొన్నేళ్ళయింది. వీళ్ళలో ఒకబ్బాయి ఈ మధ్య పాఠం మధ్యలో పొరపాటున శాన్‌ఫ్రాన్సిస్కో 'క్లాస్ బి' గగనతలంలోకి వెళ్ళాడు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు. కుర్రాడి తలకి హుడ్ ఉంది. హుడ్ అంటే బయటిదేమీ కనపడకుండా, ముందున్న మీటర్లు మాత్రమే కనపడేలా నుదుటికి తగిలించే మూత. మబ్బులో చిక్కుకుంటే బయటపడటం ఎలాగో నేర్పడానికి వాడతారు. ఓ రెండొందల అడుగులు, నిమిషం లోపు. కంట్రోలర్ పిలిచి దిగమన్నాడు, దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. నేల మీదికొచ్చాక ఫోన్ చెయ్యమని ఒక నంబరు చెప్పాడు. పైలట్లు దీన్ని బ్రాషర్ హెచ్చరిక అంటారు. 'నీమీద విచారణ ఉండొచ్చు, వివరాలు గుర్తుపెట్టుకో' అని దానర్థం.

ఆ తర్వాత జరిగింది వినండి. ఆ స్కూలువాళ్ళు (పేరు అనవసరం) సభ్యులందరికీ ఒక మెయిలు కొట్టారు. తేదీ, విమానం నంబరు వేసి, 'ఇలాంటి అజాగ్రత్త సహించం' అని. ఆ రోజు ఆ విమానం ఎవరు తీసుకున్నారో బుకింగ్ కాలెండర్‌లో అందరికీ కనపడుతుంది, ఇక పేరు చెప్పకపోవడం ఏం మర్యాదో నాకర్థం కాలేదు. కుర్రాడి సోలో ఆపేశారు. ఇన్‌స్ట్రక్టర్ ఊసు ఆ మెయిల్లో ఎక్కడా లేదు. ఆయన మాత్రం కుర్రాడికి విడిగా ఒక సలహా ఇచ్చాడట: "నాసా ఫారం గీసారం ఏమీ పెట్టకు, నీమీద నువ్వే ఫిర్యాదు చేసుకున్నట్టవుతుంది."

ఇక మన తెలుగువాళ్ళ గ్రూపులో స్పందన. 'ఐప్యాడ్‌లో మ్యాపు చూసుకోలేనివాడికి విమానమెందుకు?' అని ఒకాయన. 'ఇలాంటివాళ్ళ వల్లే మనకి చెడ్డపేరు' అని ఇంకొకాయన. 'గ్రీన్ కార్డు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చో తమ్ముడూ' అని ఒక శ్రేయోభిలాషి. ఇరవై పైచిలుకు మెసేజీల్లో 'అసలు ఎలా జరిగింది?' అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే. అందరూ రోజూ రూట్ కాజ్ గురించి మాట్లాడేవాళ్ళే.

సరే, వాళ్ళు అడగలేదు కాబట్టి నేను చెబుతాను.

పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఉండే క్లాస్ బి గగనతలాన్ని ఇక్కడివాళ్ళు తలకిందులు చేసిన పెళ్ళికేకుతో పోలుస్తారు. మనకి గోపురం తెలుసు కాబట్టి, గుడి గోపురాన్ని తిరగేసి శిఖరాన్ని రన్‌వే మీద గుచ్చినట్టు ఊహించుకోండి. విమానాశ్రయం దగ్గర అది నేల దాకా ఉంటుంది. దూరం పోయేకొద్దీ మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది. పై అంచు సాధారణంగా 10,000 అడుగుల దగ్గరుంటుంది. చార్టు మీద నీలం గీతల మధ్య 100 అని, దాని కింద 40 అని రాసుంటే ఆ ముక్కలో ఈ గోపురం 4,000 నుంచి 10,000 అడుగుల దాకా ఉందని అర్థం. గీత దాటి పక్క ముక్కలోకెళ్తే ఆ 40 కాస్తా 30 కావచ్చు. చిన్న విమానాలు ఈ మెట్ల కింద తిరుగుతుంటాయి, పెద్ద జెట్లు పైన. ఆకాశంలో గీత ఉండదు, గోడ ఉండదు, బోర్డు ఉండదు. నీ ఎత్తు మారకపోయినా నువ్వు లోపలికి వెళ్ళిపోవచ్చు. మెట్టే నీ దగ్గరికి దిగొస్తుంది.

'జీపీఎస్ ఉందిగా?' అంటారు. ఉంది. మ్యాపు మీద నువ్వెక్కడున్నావో అది బ్రహ్మాండంగా చూపిస్తుంది. ఎత్తు సంగతి వేరు. టాబ్లెట్ చూపించేది జీపీఎస్ లెక్క కట్టిన ఎత్తు, నిబంధన నడిచేది గాలి పీడనం మీద పనిచేసే ఆల్టిమీటర్ ఎత్తు మీద. వేడి రోజున రెంటికీ వందల అడుగుల తేడా ఉండొచ్చు. ఆ ఆల్టిమీటర్‌కి కూడా స్థానిక పీడనం చేత్తో తిప్పి పెట్టాలి. అంగుళంలో పదోవంతు తేడా వస్తే ఎత్తు వంద అడుగులు తప్పు చూపిస్తుంది. ఎండ కాసిన కొండల మీంచి లేచే వేడిగాలి నిమిషానికి మూడు నాలుగు వందల అడుగులు ఇట్టే ఎత్తేస్తుంది. సెస్నా 172 మామూలుగా వంద నాట్ల పైన పోతుంది, అంటే నిమిషానికి మూడు కిలోమీటర్లు. రేడియో ఫ్రీక్వెన్సీ మార్చి, ట్రాన్స్‌పాండర్‌లో నాలుగంకెల కోడ్ తిప్పి, కంట్రోలర్ చెప్పింది తిరిగి అప్పజెప్పేలోపు మూడు కిలోమీటర్లు గడిచిపోతాయి. ఇదంతా నలభై గంటల అనుభవం కూడా లేని మనిషి చెయ్యాలి, అదీ ఎండకి వేడెక్కి టాబ్లెట్ ఆరిపోని రోజున.

దీనికి తోడు మాటల గొడవ ఒకటుంది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. శాన్‌హోసే విమానాశ్రయం చుట్టూ ఉండేది క్లాస్ సి. అందులోకి వెళ్ళడానికి రెండువైపులా రేడియో సంభాషణ మొదలైతే చాలు. కంట్రోలర్ నీ విమానం నంబరు పలికి 'స్టాండ్ బై' అన్నా సరే, సంభాషణ మొదలైనట్టే, లోపలికి వెళ్ళొచ్చు. పక్కనే ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో క్లాస్ బికి అది కుదరదు. 'క్లాస్ బ్రావోలోకి అనుమతి ఇచ్చాను' అన్న ముక్క నోటితో స్పష్టంగా చెప్పాల్సిందే. 'రాడార్‌లో కనపడుతున్నావు' అన్నంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదు. అదే ఫ్రీక్వెన్సీ, అదే గొంతు, ఇంచుమించు అవే మాటలు. ఒకచోట లాగిన్ అయితే చాలు, రెండోచోట లాగిన్ వేరు, పర్మిషన్ వేరు. ఇలాంటి ఇంటర్‌ఫేస్ మన టీములో ఎవరైనా డిజైన్ చేస్తే యూజర్‌ని తిడతామా, డిజైన్ రివ్యూలో కూర్చోబెడతామా?

ఆ కుర్రాడి విషయంలో అయితే ఇంత దూరం కూడా పోనక్కర్లేదు. వాడి తలకి హుడ్ ఉంది. వాడికి బయటేం కనపడదు. కనపడకూడదు, పాఠమే అది. ఆ సమయంలో విమానం ఎక్కడుందో చూడాల్సిన కళ్ళు పక్కసీట్లో ఉన్నాయి. పాఠం చెప్పే విమానంలో బాధ్యత ఇన్‌స్ట్రక్టర్‌దేనని ఇక్కడి విచారణల్లో మామూలుగా తేలే విషయమే. మెయిలు మాత్రం డబ్బులు కట్టి నేర్చుకునేవాడి మీదే పడింది. ఇన్‌స్ట్రక్టర్‌ని కూడా కడగమని కాదు నేననేది, మందు మారనప్పుడు రోగి మారితే ఉపయోగమేముంది? మెట్టు కింద ఎన్ని అడుగుల ఖాళీ వదిలి పాఠం మొదలుపెట్టారు? ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారు? ఆ స్కూల్లో వేరే విద్యార్థులు కూడా అక్కడే హుడ్ వేసుకుని తిరుగుతున్నారా? ఈ ప్రశ్నలకి జవాబుంటే రేపు ఇంకొకడు దాటకుండా ఆపొచ్చు. మెయిల్లో ఇవేవీ లేవు.

'ఏమీ కాలేదుగా, ఇంత రాద్ధాంతమెందుకు?' అనేవాళ్ళ కోసం ఒక పాత సంగతి చెప్పాలి. పొరపాటున లోపలికెళ్ళడం చిన్న విషయమని నేననడం లేదు. అది ఎంత పెద్ద విషయమో తెలుసు కాబట్టే ఇంత కోపం.

1986 ఆగస్టు 31. లాస్ ఏంజెలెస్ పక్కన సెరిటోస్ అనే ఊరు. టోరెన్స్ నుంచి బిగ్ బేర్‌కి బయలుదేరిన ఒక పైపర్ విమానం, ముగ్గురు మనుషులతో, అనుమతి లేకుండా లాస్ ఏంజెలెస్ నియంత్రిత గగనతలంలోకి వచ్చింది. అప్పట్లో దాన్ని టి.సి.ఏ. అనేవారు, 1993లో క్లాస్ బి అని పేరు మార్చారు. టిహువానా మీదుగా దిగుతున్న ఏరోమెహికో 498, డీసీ-9 జెట్, దాన్ని గుద్దింది. రెండు విమానాల్లో కలిపి 67 మంది, కింద ఇళ్ళల్లో 15 మంది, మొత్తం 82 ప్రాణాలు పోయాయి. పైపర్‌లో ఎత్తు చెప్పే పరికరం లేదు. ఆ విమానం తనకి తెర మీద కనపడలేదన్నాడు కంట్రోలర్.

ఇందులో నన్ను ఎప్పుడూ వదలని ముక్క ఒకటుంది. సరిగ్గా ఆ నిమిషాల్లో ఆ కంట్రోలర్ ఇంకో చిన్న విమానంతో మాట్లాడుతున్నాడు. అది కూడా అనుమతి లేకుండా అదే గగనతలంలోకి వచ్చినదే. నువ్వు మధ్యలోకొచ్చేశావు, ఇకనుంచి చార్టు చూసుకుని ఎగురు అని ఆ పైలట్‌కి చెబుతున్నాడు. కంట్రోలర్‌ని తప్పు పట్టడానికి చెప్పడం లేదిది, ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు. ఒకే ఉదయం, ఒకే చోట, ఇద్దరు వేర్వేరు పైలట్లు ఒకే గీత దాటారు. ఇద్దరూ పనికిమాలినవాళ్ళని తేల్చేసి ఇంటికెళ్ళిపోవచ్చు. లేదా ఆ గీతలో, ఆ చార్టులో, ఆ పద్ధతిలో ఏదో ఉందేమోనని అనుమానించొచ్చు.

ఎన్.టి.ఎస్.బి. వాళ్ళు రెండోది చేశారు. వాళ్ళ నివేదికలో ప్రధాన కారణంగా రాసింది పైపర్ పైలట్‌ని కాదు. ఢీకొనకుండా కాపాడటంలో విమాన నియంత్రణ వ్యవస్థకున్న పరిమితుల్ని. పైపర్ పొరపాటున, అనుమతి లేకుండా లోపలికి రావడాన్ని దానికి తోడ్పడిన కారణాల్లో ఒకటిగా రాశారు. కళ్ళతో చూసి తప్పుకోవడమనే పద్ధతికున్న పరిమితుల్ని ఇంకొకటిగా రాశారు. ఆ పైలట్ చనిపోయాడు. తప్పంతా ఆయన నెత్తిన పడేస్తే కాదనేవాడు లేడు. పైగా గుండెపోటు వచ్చిందన్న కథ కూడా మొదట్లో నడిచింది. దాంతో ఫైలు మూసేసి ఉంటే ఏమయ్యేది? పెద్ద విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ళ మేర ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్ తప్పనిసరి అన్న నిబంధన అప్పుడు వచ్చేది కాదు. పెద్ద ప్రయాణికుల విమానాలన్నిట్లో టీకాస్ పెట్టాలన్న చట్టం 1987లో వచ్చేది కాదు. మీరు ఇండియా వెళ్ళే విమానంలో ఈరోజు నిశ్చింతగా సినిమా చూస్తున్నారంటే, ఎదురుగా వచ్చేదాన్ని చూసి పైలట్‌కి 'ఎక్కు', 'దిగు' అని చెప్పే ఆ పెట్టె కూడా ఒక కారణం.

ఇప్పుడు కప్పెట్టే మందు సంగతి. దీనికీ ఒక చావుల లెక్కుంది.

1974 డిసెంబరు 1న టి.డబ్ల్యు.ఏ. 514 అనే బోయింగ్ 727 వాషింగ్టన్ దగ్గర డల్లెస్‌లో దిగబోతూ వర్జీనియాలో మౌంట్ వెదర్ అనే కొండని గుద్దింది. 92 మంది పోయారు. అప్రోచ్‌కి అనుమతి ఇచ్చాం అని కంట్రోలర్ అంటే, ఇక చార్టులో ఉన్న కింది ఎత్తుకి దిగిపోవచ్చని పైలట్లు అర్థం చేసుకున్నారు. కంట్రోలర్లు అనుకున్నది వేరు. మళ్ళీ మాటల గొడవే. విచారణలో తేలిందేంటంటే, ఆరు వారాల ముందే యునైటెడ్ వాళ్ళ విమానం ఒకటి అక్కడే, అదే మాటకి అదే అర్థం తీసుకుని, ఆ కొండకి కాస్తలో తప్పించుకుంది. ఆ పైలట్లు సిగ్గుపడకుండా వాళ్ళ కంపెనీకి చెప్పారు. కంపెనీ తన పైలట్లని హెచ్చరించింది. పక్క కంపెనీకి ఆ కబురు అందలేదు, అందే దారే లేదు.

ఆ దారి వెయ్యడానికే ఎఫ్.ఏ.ఏ. 1975లో ఒక పథకం పెట్టింది, మీ పొరపాట్లు మాకు రాయండి, ఏమీ అనం అని. ఊహించినట్టే పైలట్లు నమ్మలేదు. లైసెన్సు పీకే అధికారం ఉన్నవాడి దగ్గరికెళ్ళి తప్పు చెప్పుకుంటారా ఎవరైనా? మన కంపెనీల్లో హెచ్చార్ వాళ్ళు పంపే 'అనామక' సర్వేలో మనం మేనేజర్ గురించి ఎంత నిజం రాస్తామో అంతే. దాంతో 1976లో ఆ పని నాసాకి అప్పజెప్పారు. నాసాకి లైసెన్సులతో సంబంధం లేదు, శిక్షించే అధికారం లేదు. వచ్చిన రిపోర్టులోంచి పేరూ ఊరూ తీసేసి, అందిందన్న రసీదు వెనక్కి పంపి, మిగతా కథని మాత్రం దాచుకుంటారు. ఇప్పటిదాకా పదిహేను లక్షలకు పైనే రిపోర్టులు అందాయి. అందులోంచి ఏరి 'కాల్‌బ్యాక్' అని నెలనెలా ఒక చిన్న పత్రిక వేస్తారు, ఉచితం. గగనతలంలోకి పొరపాటున వెళ్ళినవాళ్ళ కథలు అందులో కొల్లలు. ఇరవై వేల గంటలు ఎగిరినవాడు కూడా రాస్తాడు, నేనిలా దారి తప్పాను అని. వినయం నేర్చుకోవాలంటే దానంత మంచి పుస్తకం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

దానికి బదులుగా రాసినవాడికి ఏం దొరుకుతుంది? సంఘటన జరిగిన పది రోజుల్లోపు పంపితే, అది కావాలని చేసింది కాకపోతే, నేరమో ప్రమాదమో కాకపోతే, అంతకుముందు ఐదేళ్ళలో నీమీద ఉల్లంఘన రుజువు కాకపోతే, ఎఫ్.ఏ.ఏ. నిన్ను తప్పుపట్టినా జరిమానా గానీ సస్పెన్షన్ గానీ వెయ్యదు. తప్పు తప్పేనని రికార్డులో రాసుకోవచ్చు, శిక్ష మాత్రం ఉండదు. బేరం చాలా సూటిగా ఉంటుంది. నువ్వు సమాచారం ఇవ్వు, మేం శిక్ష వదులుకుంటాం. ఎందుకంటే నీ శిక్ష కంటే నీ సమాచారం మాకు విలువైనది.

ఇలాంటి బేరాన్ని పట్టుకుని 'నీమీద నువ్వే ఫిర్యాదు చేసుకోకు' అని విద్యార్థికి చెప్పేవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి. పది రోజుల గడువు అలా గడిచిపోతే నష్టం ఎవరికి?

గ్రీన్ కార్డు భయం గురించి కూడా చెప్పుకోవాలి, అదేం నవ్వులాట కాదు. ఈ దేశ పౌరులు కానివాళ్ళు విమానం నేర్చుకోవాలంటే ముందు టి.ఎస్.ఏ. దగ్గర వేలిముద్రలిచ్చి అనుమతి తెచ్చుకోవాలి. 2001 సెప్టెంబరు 11 తర్వాత వచ్చిన పద్ధతి. మన పేర్లతో, మన రంగుతో, వీసా స్టాంపింగ్ తలుచుకుంటేనే నిద్రపట్టని మనవాళ్ళకి 'విమానం', 'అనుమతి లేకుండా', 'విచారణ' అన్న మూడు మాటలు ఒకే వాక్యంలో వింటే కడుపులో దేవినట్టవడం సహజం. ఆ కుర్రాడు నాకు ఫోన్ చేసి మొదట అడిగింది అదే: "అన్నా, ఇది ఇమిగ్రేషన్ వాళ్ళకి వెళ్తుందా?" పొరపాటున గీత దాటడం నేరం కాదు, పరిపాలనాపరమైన వ్యవహారం. నాసాకి రాసింది నీ పేరుతో ఎఫ్.ఏ.ఏ. చేతికి వెళ్ళదు. అంతకీ భయం తీరకపోతే ఆ బాపతు కేసులు చూసే లాయర్‌ని అడుగు. గ్రూపులో ఉన్న శ్రేయోభిలాషిని మాత్రం అడక్కు.

ఎందుకంటే నోరు మూసుకున్నంత మాత్రాన దాగే కాలం పోయింది. ఒకప్పుడు చిన్న విమానాలన్నీ 1200 అన్న ఒకే కోడ్‌తో తిరిగేవి. తెర మీద ఒక చుక్క, ఎవరో తెలియదు. 2020 జనవరి 1 నుంచి ఈ గగనతలాల్లోనూ, వాటి చుట్టుపక్కలా ఏ.డి.ఎస్.-బి. తప్పనిసరి. ప్రతి విమానమూ సెకనుకోసారి తన గుర్తింపు, తన ఎత్తు, తన చోటు తానే చాటుకుంటూ పోతుంది. కంట్రోలర్‌కే కాదు, ఫోన్‌లో ఆప్ ఉన్న ప్రతివాడికీ కనపడుతుంది. ఆకాశమంతా గిట్ బ్లేమ్ అన్నమాట.

నా గోలంతా ఇక్కడే ఉంది. 'ఎవడు?' అన్న ప్రశ్నకి జవాబు ఇప్పుడు ఉచితం. మెషీన్ చెప్పేస్తుంది. అంకెల్లో, అడుగుల్లో, సెకన్లతో సహా. దాన్ని కనిపెట్టి మెయిలు కొట్టడంలో గొప్పేమీ లేదు. 'ఎందుకు?' అన్నదానికి జవాబు మాత్రం ఒక్కడి దగ్గరే ఉంది, ఆ తప్పు చేసినవాడి దగ్గర. ఆ క్షణంలో వాడు ఏం విన్నాడు, ఏం అనుకున్నాడు, ఎటు చూస్తున్నాడు, ఇవేవీ ఏ లాగులోనూ ఉండవు. వాణ్ణి బెదరగొట్టిన మరుక్షణం ఆ జవాబు శాశ్వతంగా పోతుంది. ఉచితంగా దొరికేదాని కోసం, ఎంత పెట్టినా దొరకనిదాన్ని పారేసుకుంటున్నాం.

'అయితే ఎవరికీ శిక్షే వద్దంటావా?' అని అడిగేవాళ్ళుంటారు. వద్దనడం లేదు. 2005 మే 11న పెన్సిల్వేనియా నుంచి బయలుదేరిన సెస్నా 150 ఒకటి, ఒక పైలట్, ఒక విద్యార్థి ఉన్నది, దారి తప్పి వాషింగ్టన్ నిషిద్ధ ప్రాంతంలోకి వచ్చింది. వైట్‌హౌస్ నుంచి మూడు మైళ్ళ దాకా వచ్చేసింది. ఎఫ్-16లు లేచాయి, ఫ్లేర్లు వదిలాయి, వైట్‌హౌస్, కాపిటల్ ఖాళీ చేయించారు. ఎఫ్.ఏ.ఏ. ఆ పైలట్ లైసెన్సు రద్దు చేసింది. విద్యార్థి మీద చర్య తీసుకోలేదు. ఎవరు నేర్చుకుంటున్నారో, ఎవరు బాధ్యులో ఆ రోజు అంత గగ్గోలులో కూడా గుర్తుంది వాళ్ళకి. నా ఉద్దేశంలో అంతకంటే ముఖ్యమైన పని నాలుగేళ్ళకి జరిగింది. 2009 నుంచి వాషింగ్టన్ చుట్టూ 60 నాటికల్ మైళ్ళలో కంటిచూపు మీద ఎగిరే ప్రతి పైలటూ ఆ గగనతలం గురించి ముందే ఒక పాఠం పూర్తిచెయ్యాలి. రద్దయిన లైసెన్సు ఒక్కణ్ణే ఆపింది. పాఠం అందరికీ చేరింది.

2015లో ఎఫ్.ఏ.ఏ. ఈ ఆలోచననే విధానంగా పెట్టుకుంది. పొరపాటు, అర్థం చేసుకోకపోవడం, నైపుణ్యం తక్కువవడం లాంటివైతే మాట్లాడి, మళ్ళీ నేర్పించి, సరిచేసి వదిలేస్తారు. కావాలని చేసినవాడికీ, తెలిసి తెగించినవాడికీ, చెప్పినా విననివాడికీ పాత మందే. అంటే తేడా జరిగిన నష్టంలో లేదు, చేసినవాడి ఉద్దేశంలోనూ, చేశాక వాడి తీరులోనూ ఉంది. ప్రభుత్వ కార్యాలయం ఇంత దూరం నడిచొస్తే, వారాంతపు స్కూలు ఒకటి ఇంకా గోడ మీద నంబర్లు అతికిస్తోంది.

'ఫారం రాసి తప్పించుకునే తెలివైనవాళ్ళుండరా?' ఉంటారు. ఏ వ్యవస్థలో లేరు? ఒకసారి తప్పు రుజువైతే ఐదేళ్ళపాటు ఆ గొడుగు ఉండదు కాబట్టి ఆ తెలివి ఎంతో కాలం సాగదు. పదిమంది తప్పించుకున్నా, పదకొండోవాడు రాసిన నాలుగు వాక్యాల వల్ల ఒక చార్టు మారితే నాకు గిట్టుబాటే.

విమానాలు లేనివాళ్ళు 'మనకెందుకులే' అనుకోకండి, ఇక్కణ్ణుంచి మన ఆఫీసుల సంగతే.

రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతుంది. బ్రిడ్జ్ కాల్‌లో ముప్ఫై మంది. మొదటి ప్రశ్న ఏంటి? 'ఎవరు చేశారు?' హైదరాబాదైనా, శాన్‌హోసే అయినా, డాలస్ అయినా అంతే. ఆర్.సి.ఏ. డాక్యుమెంటులో 'కారణం: మానవ తప్పిదం. చర్య: సంబంధిత వ్యక్తికి సూచనలు ఇవ్వబడ్డాయి' అని కర్మణి ప్రయోగంలో ఒక వాక్యం. అప్రైజల్‌లో ఒక అంకె తగ్గుతుంది. మర్నాటి నుంచి ఆ టీములో ఎవరూ ఏదీ ముందుగా చెప్పరు. స్టేజింగ్‌లో ఏదో తేడాగా ఉందని అనిపించినా నోరు విప్పరు, విప్పితే ఆ టికెట్ వాళ్ళ పేరు మీదే పడుతుంది కాబట్టి. అక్కడ కూడా ఆరు వారాల ముందు ఎవడో ఒకడు ఆ కొండకి కాస్తలో తప్పించుకునే ఉంటాడు. వాడు చెప్పడు, మీకు తెలియదు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ డైరెక్టరీ చెరిపేశాడు. సుమారు ఆరు గంటల డేటా పోయింది. వాళ్ళు ఏం చేశారో మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. లోకమంతా చూస్తుండగా జరిగింది జరిగినట్టు రాసుకుంటూ పోయారు. ఆ మనిషిని 'టీమ్ మెంబర్ 1' అని రాశారు. దానివల్ల బయటపడిందేంటి? బ్యాకప్‌కి ఐదు రకాల ఏర్పాట్లుంటే ఒక్కటీ సరిగ్గా పనిచెయ్యడం లేదని! చెరిపినవాణ్ణి ఆ రాత్రే పీకేసి ఉంటే వాళ్ళకి ఒక ఖాళీ సీటు దొరికేది, ఆ ఐదు బ్యాకప్పులు అలాగే నిద్రపోతుండేవి.

కాబట్టి నేననేది ఇది.

స్కూళ్ళు నడిపే పెద్దలకి: మీ నోటీసు బోర్డు మీద నంబరు తీసేసి, ఆ చోటు మ్యాపు పెట్టండి. మెట్టు కింద కనీసం ఐదొందల అడుగులు, పక్కన ఒకటి రెండు మైళ్ళు వదలండని ఎర్రగీత గియ్యండి. ఒకే చోట ఇద్దరు దాటితే విద్యార్థుల్ని మార్చకండి, పాఠం చెప్పే చోటు మార్చండి.

ఇన్‌స్ట్రక్టర్లకి: హుడ్ తగిలించే ముందు 'ఇకనుంచి బయటి చూపు నాది' అని గట్టిగా చెప్పండి. తేడా వస్తే ఫారం మొదట మీరు నింపి, తర్వాత విద్యార్థి చేత నింపించండి. ఇద్దరూ పంపొచ్చు, పంపాలి. మీరు నేర్పే పాఠాల్లో ల్యాండింగ్ కంటే ఇదే వాడికి ఎక్కువకాలం పనికొస్తుంది.

నేర్చుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ: అనుమతి మాట చెవిన పడేదాకా క్లాస్ బి బయటే ఉండండి. అనుమానంగా ఉంటే మళ్ళీ అడగండి, కంట్రోలర్ విసుక్కుంటే విసుక్కోనీండి. దాటితే దాచకండి. పది రోజులు, గుర్తుపెట్టుకోండి.

గ్రూపుల్లో తీర్పులిచ్చే పెద్దమనుషులకి, ఆఫీసుల్లో లీడ్‌లకి: ఎవడు చేశాడో మీకు ఎలాగూ తెలిసిపోతుంది, కంగారుపడకండి. ముందు 'ఏం జరిగింది, చెప్పు' అని అడిగి, వాడు చెప్పడం పూర్తయ్యేదాకా ఇంకో మాట మాట్లాడకుండా ఉండగలరేమో చూడండి. ప్రయత్నిస్తే ఎంత కష్టమో తెలుస్తుంది.

అన్నట్టు, ఆ అబ్బాయి ఫారం తొమ్మిదోరోజు రాత్రి పంపాడు. స్కూలు మారాడు. పాత స్కూలు మాత్రం ఆ మెట్టు కిందే, అదే ఎత్తులో, ఇంకో కుర్రాడికి హుడ్ తగిలించి పాఠం చెబుతూనే ఉంది.